గుఱ్ఱముల సంధి

వాన చినుకునకే మొగము వాచిన మా చిలమత్తూరునుండి సముద్రపు మాట యెత్తుట వింతగాఁ దోఁపవచ్చును. కాని మా పొరుగున నున్న లేపాక్షి, పెనుగొండ సీమల నేలిన విజయనగర ప్రభువులకు మేలుజాతి యుద్ధాశ్వములు అరబ్బు, పారసీక దేశములనుండి ఓడలమీఁదనే రావలసియుండెను. ఆ కడలిదారి పోర్చుగీసులది.

1547 సెప్టెంబరు 19వ తేదీన సదాశివరాయల పేర వారితో సంధి కుదిరినది. గోవాలో దిగిన గుఱ్ఱములు మనకే అమ్మవలెను, బిజాపురమునకుఁ బోరాదు. మన ఇనుము, సురేకారమును అచ్చటికిఁ జేరరాదు. ఒకరి శత్రువు ఇరువురకును శత్రువే. అహమదునగరపు నిజాంషాను మాత్రము మినహాయించిరి! వెలితి అప్పుడే కనఁబడుచున్నది.

మఱుసటి యేఁడే, 1548లో, గోవావారు బిజాపురముతోను సంధి చేసికొనిరి. వారిని నిందింప నేల? పడమటి తీరమున రేవులుండియు, ఆ గుఱ్ఱపు టోడలను కాచి తెచ్చు నౌకాబలమును మనవారు కూర్చుకొనలేదు. 1558లో అళియ రామరాయలు మైలాపూరు కడనున్న పోర్చుగీసులపై దండు వెడలెను, అదియు నేలమీఁదనే.