కనబడని కాపురాలు

నా చిన్నతనాన మా కలువాయిలో వొక బోదకొట్టంలో యిద్దరు ఆడవాళ్ళు కాపురముండేవారు. కూలికి కలిసి పోయేవారు, వొకే పొయ్యి మీద వండుకొనేవారు. వూరు వారిని అక్కచెల్లెళ్ళనేది. కులాలు వేరని అందరికీ తెలుసు. అయినా అలాగే అనేది. ఆ మాట వారికి నీడా అయింది, ముసుగూ అయింది. పెద్దామె చనిపోయిన పదకొండోనాడు ఆమె అన్న కొడుకులు వచ్చి తలుపుకు తాళం వేశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో అన్న కొడుకులకు చోటున్నది. ముప్పై యేళ్ళు కలిసి బ్రతికిన మనిషికి లేదు. వారి అనుబంధానికి యే పేరు పెట్టాలో నాకు తెలియదు, పెట్టే హక్కూ లేదు.

2023 యేప్రిల్‌లో కేంద్రప్రభుత్వం సుప్రీంకోర్టుకు సమర్పించిన పత్రంలో, స్వలింగ వివాహాల కోరిక పట్టణాల్లోని పైవర్గాలదేనని వ్రాసినప్పుడు నాకు ఆ కొట్టం గుర్తుకు వచ్చింది.

ఆ వ్యాజ్యానికి పేరు తెచ్చిన జంట హైదరాబాదు వాసులు. సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2021 డిసెంబరులో వికారాబాదు రోడ్డున వొక రిసార్టులో బంధుమిత్రుల నడుమ పెళ్ళి చేసుకొన్నారు. పురోహితుని స్థానంలో వొక ట్రాన్స్‌జెండర్ స్నేహితురాలు నిలిచి జరిపించింది. మరుసటి సంవత్సరం, 1954 ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలని కోర్టుకెక్కారు.

యిక్కడ తెలుగు పాఠకునికి రాజమహేంద్రవరం స్ఫురించక మానదు. వితంతు వివాహాన్ని అనుమతించే చట్టం 1856లోనే వచ్చింది. అయినా వీరేశలింగం తొలి పెళ్ళి చేయించడానికి 1881 డిసెంబరు 11 దాకా, అంటే పాతికేళ్ళు, పట్టింది. చట్టమున్నది, భోజనానికి కూర్చునే ధైర్యమున్న అతిథులే కరువు. వచ్చినవారికి వెలి భయం. పైడా రామకృష్ణయ్య ధనసహాయం లేకపోతే ఆ వుద్యమం నిలిచేదా అన్నది అనుమానమే. వికారాబాదు రోడ్డున కథ తిరగబడింది: అతిథులు వచ్చారు, చట్టం రాలేదు.

మతపెద్దల సంగతి వేరే చెప్పాలి. 377వ సెక్షనును ఢిల్లీ హైకోర్టు 2009లో సడలిస్తే, ఆ తీర్పు మీద సుప్రీంకోర్టుకెక్కినవారిలో వొక జ్యోతిష్కుడు, ముస్లిం పర్సనల్ లా బోర్డు, కొన్ని క్రైస్తవ సంఘాలు వొకే వరుసలో నిలబడ్డాయి. 2013 డిసెంబరు 11న (తేదీ చూడండి!) వారే గెలిచారు. 2018లో ఆ నేరం రద్దయింది. 2023లో వివాహం విషయం వచ్చేసరికి జమియత్ ఉలమా-ఎ-హింద్, అఖిల భారతీయ సంత్ సమితి మళ్ళీ వొకే పక్షాన చేరాయి. మరే విషయంలోనూ కలవనివారిని కలిపిన ఘనత యీ జంటలదే!

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులూ వివాహం ప్రాథమిక హక్కు కాదన్నారు. వేరొక రూపంలోనైనా ఆ బంధాన్ని గుర్తించాలన్న యిద్దరి మాట ముగ్గురి ముందు వోడిపోయింది. అయితే యిది పట్టణాల వ్యవహారమన్న వాదాన్ని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ తన తీర్పులో త్రోసిపుచ్చారు. ఆయన చెప్పినది నిజం. రిసార్టులో పెళ్ళి చేసుకోగలవాడు కనబడతాడు, కూలికి పోయేది కనబడదు. కనబడకపోవడాన్ని లేకపోవడంగా లెక్కవేయడం పాలకవర్గాలకు కొత్త కాదు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి నిర్బంధం నుంచి వొక యువతిని విడిపించి, ఆమె కోరుకొన్న స్త్రీతో బ్రతకనిచ్చింది. ఆ యిద్దరూ కోర్టు మెట్లెక్కేదాకా వారి కాపురమూ లోకానికి కనబడనిదే.

అదే సంవత్సరం కేంద్ర ఆహార శాఖ, యిటువంటి జంటలను రేషన్ కార్డు విషయంలో వొకే కుటుంబంగా చూడాలని రాష్ట్రాలకు వ్రాసింది. మా వూరి యిద్దరికీ రెండు కార్డులుండేవి. నెలనెలా రెండు సంచులతో చౌకడిపో ముందు వరుసలో నిలబడి, వేరువేరుగా తూకం వేయించుకొని, యింటికి పోయి వొకే గాబులో పోసుకొనేవారు.