స్టీల్ గిటార్: ఒడి నుంచి పెడళ్ల దాకా



కిందటి నెల ధర్మాబాద్ నుంచి ఒక శ్రోత ఉత్తరం రాశారు. పేరు చెప్పవద్దన్నారు, చెప్పను. ఆయన ముప్పై ఏళ్లుగా హవాయన్ గిటార్ ఒళ్లో పెట్టుకుని భజన మండళ్లలోనూ, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనూ వాయిస్తున్నారు. అటు బాసర నుంచి ఇటు నాందేడ్, దెగ్లూర్, బిలోలి దాకా ఆయన తిరగని ఊరు లేదట. ఇప్పుడు నడుము నొప్పి పట్టుకుంది. అమెరికాలో ఉండే అల్లుడు సంక్రాంతికి వస్తూ "మామయ్యా, మీకేం తెమ్మంటారు?" అని అడిగితే, పెడల్ స్టీల్ గిటార్ తెమ్మన్నారట. విమానంలో పెట్టెకు 23 కిలోలే అనుమతి అని అల్లుడు చెప్పాడు. అందుకని మనకు మూడు ప్రశ్నలు రాశారు. తేలికగా ఉండేది ఏది? తెచ్చాక బిగించి శ్రుతి చేసుకోవడం ఎట్లా? అసలు ఈ వయసులో నాకది అవసరమా?

మూడో ప్రశ్న ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. నాకు మాత్రం అదే మొదటి ప్రశ్న అనిపించింది. దానికి జవాబు కావాలంటే, ఒళ్లో పట్టే వాద్యం ఇద్దరు మోసే బరువు ఎందుకైందో ముందు తెలుసుకోవాలి.

కథ హవాయి దీవుల్లో మొదలవుతుంది. ఓవాహు దీవిలో 1874లో పుట్టిన జోసెఫ్ కెకుకు, బడికి వెళ్లే రోజుల్లో రైలు పట్టాల దగ్గర దొరికిన బోల్టును గిటారు తీగల మీద జార్చి చూశాడని చెబుతారు. తర్వాత నున్నని ఉక్కు కడ్డీ చేయించుకున్నాడు. కడ్డీ మెట్లకు తగలకుండా తీగలను ఎత్తాడు. 1904లో అమెరికా వెళ్లి ఊరూరా వాయించాడు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనతో అమెరికా అంతా ఈ హవాయి సంగీతం వెంట పడింది. ఇందులో మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. గేబ్రియల్ డేవియన్ అని, భారతదేశంలో పుట్టి ఓడ కప్తాను వెంట హవాయి చేరిన యువకుడొకడు, 1884 ప్రాంతంలోనే తీగల మీద వస్తువు జార్చి వాయించాడని అక్కడి పాతతరం వాళ్లు చెప్పుకున్నారు. నిజమెంతో తేల్చడం కష్టం గాని, వినడానికి మాత్రం ముచ్చటగా ఉంటుంది.

ఎందుకంటే తీగ మీద బిళ్ల జార్చడం మనకు కొత్త కాదు. ఉత్తరాదిన విచిత్ర వీణ ఉంది, దక్షిణాదిన గోటువాద్యం ఉంది. గోటువాద్యానికి మెట్లుండవు. నల్లని చేవకర్ర ముక్కతోనో, కొమ్ముతోనో తీగ మీద జారుస్తూ వాయిస్తారు. దాన్ని కచేరీ వేదిక మీద నిలబెట్టిన వారిలో తిరువిడైమరుదూరు సఖారామారావు ముఖ్యులు. ఆయన తంజావూరులో స్థిరపడిన మరాఠీ సంతతి వారు. మరాఠీ ఇంటి మనిషి, తమిళదేశంలో కూర్చుని, త్యాగరాజు తెలుగు కీర్తనలు పలికించే సంప్రదాయంలో పేరు తెచ్చుకున్నారు. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, తెలుగు, మరాఠీ, ఉర్దూ ఒకే అరుగు మీద మాట్లాడుకున్న మన నాందేడ్ వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

హవాయి గిటారు మన దేశంలో వేళ్లూనింది కలకత్తాలో. హవాయి వాద్యకారుడు టావ్ మో, 1940లలో కుటుంబంతో సహా అక్కడ ఉండి హోటళ్లలో వాయించాడు, శిష్యులను తయారు చేశాడు. ఆ తర్వాత వాన్ షిప్లే, హజారా సింగ్, సునీల్ గంగూలీ వంటివారు సినిమా పాటల వరసలను ఈ గిటారు మీద రికార్డులిచ్చారు. పాట లేకుండా వరస మాత్రమే వినిపించే ఆ రికార్డులు మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఇక బ్రిజ్ భూషణ్ కాబ్రా దీన్ని రాగాలకు తగినట్టు మలుచుకున్నారు. 1967లో శివకుమార్ శర్మ సంతూర్‌తో, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి ఆయన వాయించిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ' రికార్డు ఇంటింటికీ వెళ్లింది. విశ్వమోహన్ భట్ ఇంకొన్ని తీగలు చేర్చి మోహన వీణ అన్నారు. 1994లో అమెరికన్ గిటారిస్టు రై కూడర్‌తో కలిసి గ్రామీ బహుమతి అందుకున్నారు.

ఒక్క సంగతి గమనించండి. వీళ్లలో ఎవరికీ పెడళ్లు అవసరం రాలేదు. మనది ఒక స్వరం నుంచి మరో స్వరానికి నడిచే సంగీతం. గమకం అంతా ఎడమచేతి కడ్డీలోనే ఉంది.

అమెరికా వాళ్ల ఇబ్బంది వేరు. వాళ్లకు మూడు నాలుగు స్వరాలు ఒకేసారి పలకాలి. కడ్డీ తిన్ననిది, వంగదు. అన్ని తీగల మీదా ఒకే మెట్టు దగ్గర ఉంటుంది. కాబట్టి తీగలను ఏ వరసలో శ్రుతి చేస్తే ఆ స్వరసమూహమే పైకీ కిందికీ నడుస్తుంది. వేరే సమూహం కావాలంటే వేరే శ్రుతి కావాలి. 1932లో రికెన్‌బ్యాకర్ కంపెనీ అమ్మకానికి పెట్టిన విద్యుత్ స్టీల్ గిటార్ చిన్న అల్యూమినియం వాద్యం. ఆకారాన్ని బట్టి దానికి 'పెనం' అని ముద్దుపేరు. ఒక్క శ్రుతి చాలలేదని దాని తర్వాతి వాద్యాలకు రెండు మెడలు, మూడు మెడలు, కొన్నిటికి నాలుగు కూడా పెట్టారు. ఒళ్లో పట్టవు గనుక కాళ్లు బిగించారు. బరువు మొదలైంది అక్కడే.

తర్వాత పెడళ్లు వచ్చాయి. మెడ మార్చే బదులు కాలితో తొక్కి తీగ శ్రుతినే మారిస్తే సరిపోతుంది కదా అన్న ఆలోచన. గిబ్సన్ కంపెనీ 1940 ప్రాంతంలో అలాంటిది చేసింది. పాల్ బిగ్స్‌బీ 1940ల చివర మరికొన్ని చేశాడు. అయితే మలుపు తిప్పినవాడు బడ్ ఐజాక్స్. 1954లో పేరు తెచ్చుకున్న వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో, తీగ మోగుతుండగానే పెడల్ తొక్కాడు. మన భాషలో చెబుతాను. తీగలు స-గ-ప పలుకుతున్నాయి. పెడల్ తొక్కగానే షడ్జం కదలకుండా నిలబడింది, గాంధారం మధ్యమానికి, పంచమం దైవతానికి జారుకుంటూ వెళ్లాయి. స-గ-ప కాస్తా స-మ-ద అయింది. ఒక స్వరం నిలిచి ఉండగా పక్కవి రెండూ కదలడం తిన్నని కడ్డీకి చేతకాని పని. ఆ తర్వాత బడీ ఎమన్స్ ఆ రెండు కదలికలనూ రెండు పెడళ్లకు పంచాడు. మోకాలి మీటలు కూడా వచ్చి చేరాయి. ఒక్కో తీగ కిందా ఇరుసులు, కడ్డీలు, స్ప్రింగులు. పది తీగల మెడలు రెండున్న వాద్యం పెట్టెతో కలిపి 30 కిలోలు దాటిపోయింది.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వస్తాను. అయ్యా, మీరు అభంగాలు, కీర్తనలు, పాట వరసలే వాయిస్తే మీకు పెడళ్లు అవసరం లేదు. నాలుగైదు కిలోలకు మించని ఒడి స్టీల్ గిటార్ చాలు. దాన్ని చిన్న స్టాండు మీద పెట్టుకుంటే నడుముకూ సుఖం. కలకత్తా లాల్‌బజార్ వాద్యాల దుకాణాల్లో హవాయన్ గిటార్లు దొరుకుతాయి, అమెరికా దాకా పోనక్కరలేదు. కాని ఆర్కెస్ట్రాలో గాయకుడి వెనక నిలిచి, కీబోర్డుకు బదులుగా నిండుగా తోడివ్వాలన్నది మీ కోరిక అయితే అది వేరే మాట. అప్పుడు పెడల్ స్టీల్‌కు సాటి లేదు. వయసు అడ్డం కాదు. మీ ఎడమచేతికి ముప్పై ఏళ్ల చదువు ఉంది, కాళ్లకు మాత్రమే ఓనమాలు.

కొనేటప్పుడు ఒకే మెడ, పది తీగలు, మూడు పెడళ్లు, నాలుగైదు మోకాలి మీటలు ఉన్నది చూడమనండి. పెట్టె లేకుండా సుమారు 10 నుంచి 14 కిలోల మధ్య దొరుకుతుంది. మోకాలి మీటలు ఒకటో రెండో ఉన్న పాత వాద్యం చవక అని తీసుకోవద్దు. ఆరు నెలల్లో అది చాలదు. బరువు తగ్గించడానికి ఇప్పటి తయారీదారులు ఇనుము బదులు అల్యూమినియం వాడుతున్నారు. కొందరు కార్బన్ ఫైబర్‌తోనూ చేశారు.

తేలికదనంలో ఒక మోసం ఉంది, జాగ్రత్త. పెడల్ తొక్కితే తీగ లాగుతుంది, ఆ లాగుడుకు బల్ల వెంట్రుక వాసి వంగుతుంది. వంగితే మిగతా తీగల శ్రుతి దిగుతుంది. బొబ్బిలి వాళ్లు ఒకే పనస మానులోంచి ఏకాండి వీణ తొలుస్తారు కదా, అతుకు లేని కర్రకు ఆ నిలకడ ఉంటుంది. బరువు తగ్గించబోయి ఆ నిలకడ పోగొట్టుకున్న వాద్యాలూ ఉన్నాయి. పరీక్ష సులువు. అల్లుడిని నాలుగో తీగ మీటమనండి. అది షడ్జం. ఫోనులో శ్రుతి చూపే యంత్రం పెట్టుకుని, మొదటి రెండు పెడళ్లూ ఒకేసారి తొక్కమనండి. ఆ తీగకు పెడళ్లతో పని లేదు, అయినా కాస్త దిగుతుంది. స్వరానికీ స్వరానికీ నడుమ దూరాన్ని నూరు సెంట్లు అంటారు. రెండు మూడు సెంట్లు దిగితే చెవికి తెలియదు. పది దిగితే ఆ వాద్యం ఎంత తేలికైనా వద్దు.

ఇక బిగింపు. పెట్టె తెరిచి, వాద్యాన్ని అందులోనే బోర్లా ఉంచి నాలుగు కాళ్లూ మరలు తిప్పి బిగించండి. ముందు కాళ్లకు పెడళ్ల పట్టీ తగిలించి, ఒక్కో పెడల్ కడ్డీనీ దాని కొక్కేనికి వేయండి. ఏ కడ్డీ ఎక్కడిదో విప్పే ముందే రంగు దారం కట్టి ఉంచమని అల్లుడికి చెప్పండి. అప్పుడు వాద్యాన్ని నిలబెట్టండి. పీట ఎత్తు మీ తొడలు నేలకు సమంగా ఉండేట్టు, మోకాళ్లు మీటలకు దగ్గరగా తగిలేట్టు చూసుకోండి. ఎడమ పాదం పెడళ్ల మీద, కుడి పాదం శబ్దం పెంచి తగ్గించే పెడల్ మీద. పాదాన్ని మడమ మీద ఆనించి అటూ ఇటూ ఒరిగిస్తే చాలు, కాలెత్తి తొక్కనక్కరలేదు. నడుము నొప్పి ఉన్నవారికి పీట చాలా ముఖ్యం, గిటారు కన్నా ముందు దాన్ని సరిచేసుకోండి.

శ్రుతికి వరుస తప్పకూడదు. ముందు పెడళ్లు తొక్కకుండా బిరడాలతో పది తీగలూ సరిచేయండి. తర్వాత పెడల్ తొక్కి పట్టుకుని, తొక్కినప్పుడు రావలసిన స్వరాన్ని కుడి చివర ఉన్న నైలాన్ మరలతో సరిచేయండి. తొక్కి ఉంచి బిరడా తిప్పితే మొత్తం చెడుతుంది. గాంధారం తీగను మాత్రం యంత్రం చెప్పిన చోట ఆపకండి. యంత్రం చెప్పేది హార్మోనియం గాంధారం. మన చెవికి తీయగా వినిపించే అంతర గాంధారం దానికన్నా సుమారు 14 సెంట్లు కింద ఉంటుంది. ఇలాంటి స్థిర స్వరాలు మన సంగీతానికి పొసగవనే కదా ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని నిషేధించి 1971 దాకా దూరం పెట్టింది! ఆ నిషేధం అతి అని నా అభిప్రాయం, గాంధారం విషయంలో మాత్రం వాళ్ల చెవి అబద్ధం చెప్పలేదు.

అన్నిటికన్నా సన్నది మూడో తీగ, 11 నంబరు. రెండో పెడల్ లాగేది దాన్నే గనుక తెగేదీ అదే. ఇక్కడ దొరకడం కష్టం, డజను విడిగా తెప్పించుకోండి. ఆంప్లిఫైయర్ అక్కడి నుంచి వద్దు. వాళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. అది హైదరాబాదులో కొనుక్కోండి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటితే విమానం వాళ్లు అదనంగా వసూలు చేస్తారు, ముందే కొలవమనండి. కాళ్లు, పెడళ్లు వేరే పెట్టెలో బట్టల మధ్య సర్దవచ్చు. కడ్డీ మాత్రం చేతిసంచిలో పెట్టనివ్వకండి. 200 గ్రాముల ఉక్కు దుడ్డును చూసి విమానాశ్రయం కాపలావాళ్లు తీసి పక్కన పెడితే, గిటారు ధర్మాబాద్ చేరి కడ్డీ న్యూయార్కులో ఉండిపోతుంది.