అపరిచితుల చేతి వంట: షికాగో వేసవి విందు వెనుక కథ

అమెరికాలోని షికాగో నగరంలో శీతకాలం దీర్ఘమైనది, కఠినమైనది. అందువలన ఎండ కాసే నాలుగు నెలలూ అక్కడి ప్రజలకు పండుగే. ఆ పండుగలలో మిక్కిలి పేరుపొందినది ‘టేస్ట్ ఆఫ్ షికాగో’ అనే భోజనోత్సవం. ఆర్నీ మోర్టన్ అనే భోజనశాలల యజమాని చేసిన సూచనను నాటి మేయరు జేన్ బర్న్ ఆమోదించగా, 1980 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినాన, మిషిగన్ ఎవెన్యూలో అది మొదలయింది. లక్షమంది వస్తారని అనుకుంటే రెండున్నర లక్షల మంది వచ్చారు. మరుసటి సంవత్సరమే దానిని సరస్సు ఒడ్డున ఉన్న గ్రాంట్ పార్కుకు మార్చవలసి వచ్చింది. చాలాకాలం జూలై మాసపు వేడుకగా సాగిన ఈ ఉత్సవం 2023 నుంచి సెప్టెంబరులో జరుగుతున్నది.

ఇంత జనసమూహం ముక్కూ మొగమూ తెలియనివారి చేతి వంటను నిస్సంకోచంగా తింటున్నదంటే, దాని వెనుక పెద్ద నమ్మకం ఉన్నది. వండేవాడు ఎవరో తెలియదు. నీరు ఎక్కడిదో తెలియదు. మాంసం ఏనాటిదో తెలియదు. అయినా తింటారు. ఆ నమ్మకం ఊరికే వచ్చినది కాదు. అందుకు షికాగో ఎన్నో ప్రాణాలను మూల్యంగా చెల్లించింది. ఆ చరిత్ర మనకూ ఉపయోగపడుతుంది.

పశువుల దొడ్లు, వలసజనం

షికాగో వంటకాలు పుట్టినది రాజుల వంటశాలలలో కాదు. 1865 డిసెంబరు 25న ‘యూనియన్ స్టాక్‌యార్డ్స్’ అనే పశువుల విపణి అక్కడ తెరుచుకొన్నది. చుట్టూ కబేళాలు, మాంసం నిలువచేసే కర్మాగారాలు వెలిశాయి. వాటిలో పనికి ఐరిష్, జర్మన్, పోలిష్, లిథుయేనియన్ జనులు, ఆ తరువాత దక్షిణ రాష్ట్రాల నల్లజాతివారు తండోపతండాలుగా వచ్చారు. 1971లో మూతపడేవరకు ఆ దొడ్లే నగరానికి జీవనాధారాలలో ఒకటి.

చవకగా దొరికే గట్టి మాంసాన్ని గంటల తరబడి ఉడికించి, పలుచని రేకులుగా కోసి, రసంలో ముంచి రొట్టెలో పెట్టి ఇచ్చేదే ‘ఇటాలియన్ బీఫ్’. కొద్ది మాంసంతో ఎక్కువమందికి పెట్టటానికి ఇటలీ వలసదారులు కనిపెట్టిన ఉపాయమిది. 1893లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆస్ట్రియా-హంగరీ నుంచి వచ్చిన ఇద్దరు యువకులు అమ్మిన సాసేజీలు పేరు తెచ్చుకొన్నాయి. అటువంటి సాసేజికే ఆవాల ముద్ద, ఉల్లి, టమాటో, ఊరవేసిన దోసకాయ, చిన్న మిరపకాయలు చేర్చి, గసగసాలు చల్లిన రొట్టెలో పెడితే షికాగో ‘హాట్ డాగ్’ అయింది. ఆర్థిక మాంద్యపు రోజులలో ఐదు సెంట్లకే దొరికిన ఆ రొట్టె పేదవాడికి ఒక పూట భోజనం. లోతైన పళ్ళెంలో కాల్చే మందపాటి పిజ్జా 1943లో వచ్చింది. 1970ల నుంచి డెవాన్ ఎవెన్యూలో భారతీయుల దుకాణాలు, భోజనశాలలు వెలిశాయి. ఇప్పుడు అక్కడి మన తెలుగువారికి ఇడ్లీ, దోసెలకు కొరత లేదు.

మొదట నీరు

ఈ రుచులన్నిటికీ ఆధారం నీరు. పందొమ్మిదవ శతాబ్దంలో షికాగో నది నగరపు మురుగును, కబేళాల వ్యర్థాలను మోసుకుపోయి మిషిగన్ సరస్సులో కలిపేది. నగరం తాగేది ఆ సరస్సు నీరే. 1891లో ప్రతి లక్ష జనాభాకు 174 మంది ఒక్క టైఫాయిడ్ జ్వరంతోనే మరణించారు.

అప్పుడు ఆ నగరం అసాధారణమైన పనికి పూనుకొన్నది. సుమారు 45 కిలోమీటర్ల పొడవున కాలువ తవ్వి, 1900 జనవరిలో నది ప్రవాహాన్నే వెనుకకు తిప్పింది. మురుగు సరస్సులోకి పోవటం మాని మిసిసిపీ నది వైపు సాగింది. దిగువనున్న సెయింట్ లూయిస్ నగరం ఉన్న మిజోరీ రాష్ట్రం న్యాయస్థానానికి ఎక్కింది కూడా. మన మురుగును పొరుగువారి మీదికి పంపటం పరిష్కారం కాదన్నది ఆ వివాదం నేర్పిన పాఠం. నీటిలో క్లోరిన్ కలపటం, మురుగును శుద్ధి చేయటం తరువాతి మెట్లు.

ఆపైన మాంసం, పాలు

1906లో అప్టన్ సింక్లెయిర్ ‘ది జంగిల్’ అనే నవలను ప్రచురించాడు. షికాగో కబేళాలలోని శ్రామికుల దుర్భర జీవితాన్ని చూపించి లోకానికి కనికరం కలిగించాలని ఆయన ఉద్దేశం. పాఠకులు మాత్రం శ్రామికుల కష్టాల కన్న, తమ పళ్ళెంలోకి వస్తున్న కుళ్ళిన మాంసాన్ని తలచుకొని ఎక్కువగా కలత చెందారు. అదే సంవత్సరం జూన్ 30న మాంస పరీక్షకు ఒక చట్టం, ఆహారౌషధాల కల్తీని అరికట్టటానికి మరొక చట్టం అమలుకు సిద్ధమయ్యాయి.

1908లో షికాగో నగరం పాలను పాశ్చరీకరణ చేసి తీరాలని శాసించింది. క్షయ పరీక్షలో దోషం లేదని తేలిన ఆవుల పాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. అమెరికాలో అటువంటి నిబంధన తెచ్చిన మొదటి పెద్ద నగరం అదే. పాలను నిర్ణీత ఉష్ణోగ్రత వరకు వేడిచేసి, కొంతసేపు ఆ వేడిలోనే ఉంచి, వెంటనే చల్లార్చటం పాశ్చరీకరణ. క్షయ, టైఫాయిడ్ వంటి వ్యాధులను కలిగించే సూక్ష్మజీవులు ఆ వేడికి నశిస్తాయి. మన ఇళ్ళలో పాలు పొంగేవరకు కాచే అలవాటు చేసేదీ ఇదే మేలు.

1933: అతిథులకు అంటిన వ్యాధి

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా పొరపాటు జరిగింది. 1933లో షికాగోలో మరొక ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు లక్షలాది సందర్శకులు వచ్చారు. వారిలో కొందరికి అమీబిక్ జిగట విరేచనాలు పట్టుకొన్నాయి. రెండు పెద్ద బస హోటళ్ళలో మురుగు గొట్టాల లోపాల వలన తాగునీరు కలుషితమయిందని విచారణలో తేలింది. 1,400 మందికి పైగా వ్యాధి పాలయ్యారు, 98 మంది మరణించారు.

వైద్యులు మరువరాని విషయం ఇందులో ఒకటి ఉన్నది. వ్యాధి లక్షణాలు బయటపడేసరికి సందర్శకులు తమ తమ ఊళ్ళకు చేరిపోయారు. అక్కడి వైద్యులకు అమీబా ఆలోచన రాలేదు. కొందరిని అపెండిసైటిస్ అనుకొని శస్త్రచికిత్స చేశారు. అమీబాలతో పుండుపడిన పేగుపై కత్తి పెట్టటం ప్రాణాంతకమయింది. ‘ఈమధ్య ఎక్కడికి వెళ్ళారు? ఏమి తిన్నారు?’ అనే రెండు ప్రశ్నలు అడిగివుంటే కొందరైనా బ్రతికేవారు. మీరు వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు, ఆయన అడగకపోయినా ఈ రెండు సంగతులూ మీరే చెప్పండి.

2007: శనగల ముద్ద

2007లో జరిగిన టేస్ట్ ఆఫ్ షికాగోకు వెళ్ళివచ్చినవారు జ్వరం, కడుపునొప్పి, విరేచనాలతో ఆసుపత్రులకు రాసాగారు. మలపరీక్షలలో ‘సాల్మొనెల్లా హైడెల్‌బర్గ్’ అనే సూక్ష్మజీవి బయటపడింది. రోగులు ఏమేమి తిన్నారో విచారించగా ఒక అంగడిలో అమ్మిన ఒకే పదార్థం తేలింది. అది ఉడికించి రుబ్బిన శనగల ముద్దను, దోస-టమాటో ముక్కలతో కలిపి వడ్డించే ‘హుమ్ముస్’ వంటకం. దాదాపు 790 మంది ఆ వ్యాధి బారిన పడ్డారు.

శనగల ముద్ద మాంసం కాదు, గుడ్డు కాదు. మరి కీడు ఎలా వచ్చింది? రుబ్బిన తరువాత దానిని మళ్ళీ వేడిచేయరు. అటువంటి పదార్థంలో చేతుల నుంచో, గిన్నెల నుంచో, మరొక దినుసు నుంచో సూక్ష్మజీవి ప్రవేశిస్తే దానిని చంపేది ఏదీ ఉండదు. వేసవి వేడి దానికి తోడవుతుంది. సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య సూక్ష్మజీవులు వృద్ధి చెందుతాయి. అనుకూలమైన వెచ్చదనంలో అవి 20 నిమిషాలకొకసారి రెట్టింపు కాగలవు. ఆ లెక్కన ఒక్క సూక్ష్మజీవి ఆరు గంటలలో రెండున్నర లక్షలు దాటుతుంది. రుచిలో, వాసనలో తేడా తెలియకపోవచ్చు.

మన వేసవికి

మనకు వేసవి అంటే పెళ్ళిళ్ళు, జాతరలు, కల్యాణోత్సవాలు, అన్నదానాలు. ముహూర్తాలు దట్టంగా ఉన్న వారాలలో వాంతులు, విరేచనాలతో వచ్చేవారు పెరుగుతారని ప్రభుత్వ వైద్యశాలలలో పనిచేసిన వారందరికీ తెలుసు. షికాగోలో 1906లో మొదలయిన మార్గంలోనే మనమూ 1954లో కల్తీ నిరోధక చట్టాన్ని, 2006లో ఆహార భద్రత చట్టాన్ని చేసుకొన్నాము. తోపుడు బండివారు కూడా నమోదు చేసుకోవాలి. కాని చట్టం వచ్చి గరిటె పట్టుకోదు. వండేవారికి, వడ్డించేవారికి కొన్ని సూత్రాలు చెబుతాను.

వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు. ఎండ 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే గడువు. మన మే నెలలో ఆ గడువే వర్తిస్తుంది. వేడి పదార్థం పొగలు కక్కుతూ ఉండాలి, చల్లని పదార్థం మంచులో ఉండాలి. కొబ్బరి పచ్చడి, రుబ్బిన పెరుగు పచ్చళ్ళు, పాలతో చేసిన తీపి వంటకాలు ముందుగా వడ్డించి ముగించాలి. మిగిలిన అన్నాన్ని రాత్రంతా గంగాళంలో ఉంచి మరునాడు వేడిచేసినా ప్రమాదమే. అందులో పెరిగే ఒక సూక్ష్మజీవి విషం మరిగించినా విరిగిపోదు. ప్రయాణాలకు పులిహోరను ఎన్నుకొన్న మన పెద్దలకు చింతపండు పులుపు సూక్ష్మజీవులను అణచుతుందని అనుభవం మీద తెలిసివుంటుంది. అయినా పులిహోరకూ గడువు ఉన్నది. వడ్డించేవారు చేతులు సబ్బుతో కడుగుకోవాలి. విరేచనాలు ఉన్నవారు వంటశాలకు దూరంగా ఉండాలి.

ఒకవేళ జబ్బు చేస్తే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఓఆర్ఎస్ పొట్లం కలిపి కొద్దికొద్దిగా తాగించండి. విరేచనంలో రక్తం, అధిక జ్వరం, మూత్రం తగ్గిపోవటం, మగత కనిపిస్తే వెంటనే వైద్యశాలకు చేర్చండి. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణుల విషయంలో ఆలస్యం పనికిరాదు. ఒకే విందులో తిన్న మరొకరికి కూడా జబ్బు చేస్తే స్థానిక ఆరోగ్యాధికారులకు తెలియజేయండి. ఆ ఒక్క మాట వందమందిని కాపాడగలదు.

అన్నదాతా సుఖీభవ అని మనం నోరారా దీవిస్తాము. తిన్నవాడు మరునాడు కూడా సుఖంగా ఉన్నప్పుడే ఆ దీవెనకు అర్థం.