గొలుసు రంపం – ఇంజను లోపాలు

గొలుసు రంపం అనగా పెట్రోలు ఇంజనుతో గాని విద్యుత్ మోటారుతో గాని తిరిగే పళ్ళ గొలుసు ద్వారా కలపను కోసే చేతి యంత్రం. ఆంగ్ల నామం చైన్ సా. తెలుగు నాట చెట్లు కొట్టే పనివారు దీనిని ఎక్కువగా కోత మిషను, మిషను రంపం అని పిలుస్తారు. ఒకరు వాడి అమ్మిన పెట్రోలు రంపంలో సాధారణంగా కనబడే లోపం, ఇంజను స్టార్టు అయిన కొద్దిసేపటికే ఆగిపోవుట. ఈ వ్యాసం ఆ లోపానికి గల కారణాలను, వాటిని కనుగొనే విధానాన్ని వివరిస్తుంది.

చరిత్ర

గొలుసు రంపం మొదట కలప కోసం పుట్టినది కాదు. 18వ శతాబ్దం చివర స్కాట్లండుకు చెందిన జాన్ ఐట్కిన్, జేమ్స్ జెఫ్రే అనే వైద్యులు ఎముకను కోయుటకు చేతితో లాగే సన్నని గొలుసు రంపాన్ని వాడారు. అడవి పనికి పనికివచ్చే యంత్రాలు 1920లలో జర్మనీలో తయారయ్యాయి. ఆండ్రియాస్ స్టీల్ 1926లో విద్యుత్ రంపాన్ని రూపొందించగా, డోల్మార్ సంస్థకు చెందిన ఎమిల్ లెర్ప్ 1927లో పెట్రోలు రంపాన్ని ప్రదర్శించాడు. అప్పటి యంత్రాలను మోయుటకు ఇద్దరు కావలసి వచ్చేది. అమెరికాలోని ఆరిగాన్‌లో జోసెఫ్ బఫర్డ్ కాక్స్ 1940ల చివర, కలపను తొలిచే ఒక పురుగు దవడలను గమనించి, నేటికీ వాడుకలో ఉన్న పళ్ళ గొలుసును తయారుచేశాడు.

ఇంజను నిర్మాణం

చేతి రంపాలలో టూ స్ట్రోక్ ఇంజను ఉంటుంది. దీనికి వేరుగా ఆయిలు సంపు లేదు. పెట్రోలులో కలిపిన టూటీ ఆయిలే పిస్టనుకు, బేరింగులకు కందెన. పాత స్కూటర్లు, మోపెడ్‌లు, ఆటోరిక్షాలు ఇదే పద్ధతిన నడిచేవి కాబట్టి, వాటిని బాగుచేసిన మెకానిక్కులకు రంపం ఇంజను కొత్తగా తోచదు. అయితే ఒక ముఖ్యమైన తేడా కలదు. స్కూటరు కార్బురేటరులో పెట్రోలు మట్టాన్ని తేలే బంతి (ఫ్లోటు) నిర్ణయిస్తుంది. రంపాన్ని పక్కకు వంచి, తలకిందులుగా పట్టి కూడా కోయవలసి ఉంటుంది కాబట్టి దాని కార్బురేటరులో ఫ్లోటు ఉండదు. రెండు పలుచని పొరలు (డయాఫ్రములు) ఆ పని చేస్తాయి. ఒకటి క్రాంకు గదిలోని ఒత్తిడి హెచ్చుతగ్గుల వలన కదులుతూ ట్యాంకు నుండి పెట్రోలును లాగుతుంది. రెండవది ఒక చిన్న సూది కవాటాన్ని తెరుస్తూ మూస్తూ ఇంజనుకు కావలసినంత మాత్రమే వదులుతుంది. ఈ సంగతి తెలియక, స్కూటరు కార్బురేటరుకు చేసినట్లే బిగించి ఉన్న కార్బురేటరులోకి కంప్రెసరు గాలి కొట్టుట వలన బాగున్న డయాఫ్రములు కూడా చెడిపోతుంటాయి. పూర్తిగా విప్పి, పొరలను తీసిన తరువాత మాత్రమే గాలి కొట్టవలెను.

ఇంజను ఎప్పుడు ఆగుతున్నది

కారణాన్ని వెదికే ముందు, ఇంజను ఏ స్థితిలో ఆగిపోతున్నదో గమనించుట ముఖ్యం. భాగాలన్నీ విప్పి పెట్టుకొనుట కంటే ఈ పరిశీలనకు పట్టే పది నిమిషాలు ఎక్కువ ఫలితాన్నిస్తాయి.

చోకు వేసి ఉన్నంతసేపు నడచి, చోకు తీయగానే ఆగితే ఇంజనుకు పెట్రోలు చాలుట లేదని గాని, ఎక్కడి నుండో అదనపు గాలి చొరబడుతున్నదని గాని అర్థం. యాక్సిలరేటరు నొక్కి ఉంచితే నడచి, వదలగానే ఆగితే కార్బురేటరులోని ఐడ్లింగు మార్గం మూసుకుపోయి ఉండవచ్చు లేదా స్క్రూల అమరిక తప్పి ఉండవచ్చు. ఐడ్లింగులో బాగుండి, యాక్సిలరేటరు నొక్కగానే ఉక్కిరిబిక్కిరి అయితే పెట్రోలు ఫిల్టరును, సైలెన్సరును చూడవలెను. ఐదు, పది నిమిషాలు బాగా నడచి ఆగిపోయి, ట్యాంకు మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోపలికి పోయి మళ్ళీ నడిస్తే లోపం ట్యాంకు గాలి రంధ్రంలో ఉన్నది. పెట్రోలు తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావలెను. రంపపు పొట్టు, నూనె మడ్డి కలిసి ఆ రంధ్రాన్ని మూసివేస్తే ట్యాంకులో శూన్యం ఏర్పడి పెట్రోలు రాదు. ఇంత చిన్న లోపానికి కార్బురేటరును మార్చినవారు లేకపోలేదు. బాగా వేడెక్కిన తరువాత ఆగి, అరగంట చల్లారితే గాని స్టార్టు కాని యంత్రంలో, ఆగిన వెంటనే ప్లగ్గు వద్ద నిప్పురవ్వ లేకపోతే ఇగ్నిషన్ కాయిలును అనుమానించవలెను.

పరీక్షించే క్రమం

ఏ పరీక్షకైనా ముందు ఇంజనును ఆపి, ప్లగ్గు టోపీని ఊడదీయవలెను. గొలుసు పళ్ళు ఆగి ఉన్నప్పుడు కూడా చేతిని కోయగలవు.

మొదట చూడవలసినది పెట్రోలు. పాత రంపం కొన్నవారు ట్యాంకులోని ద్రవాన్ని పారబోసి, కొత్త మిశ్రమం పోసి చూస్తే చాలాసార్లు అక్కడితోనే పని ముగుస్తుంది. మిశ్రమపు పాళ్ళు తయారీదారు చెప్పినట్లే ఉండవలెను. 50కి 1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు, 25కి 1 అంటే 40 మిల్లీలీటర్లు. తక్కువ ధరకు దొరికే యంత్రాలలో చాలావాటికి రెండవ పాలు చెప్పబడుతుంది. కంటి అంచనాతో మూత నిండా పోయుట సరికాదు.

ట్యాంకులో గొట్టం చివర వేలాడే ఫిల్టరును వంచిన తీగతో బయటకు లాగి చూడవచ్చు. అది నల్లబడి గట్టిపడితే మార్చవలెను. గొట్టాన్ని వేళ్ళతో వంచినప్పుడు పగుళ్ళు కనబడితే అది పెట్రోలుతో పాటు గాలిని కూడా పీలుస్తున్నదని గ్రహించవలెను. తరువాత ఎయిర్ ఫిల్టరు. వేప, తుమ్మ వంటి ఎండిన కట్టెను కోసినప్పుడు రాలే సన్నని పొడి దీనిని త్వరగా మూసివేస్తుంది. ప్లగ్గు కొనను చూసి కూడా కొంత తెలుసుకొనవచ్చు. తడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువగా, తెల్లగా పొడిగా ఉంటే తక్కువగా అందుతున్నది. లేత కాఫీ రంగు సరియైనది. ప్లగ్గు సందు సాధారణంగా 0.5 మిల్లీమీటరు. కాయిలుకు, ఫ్లైవీలుకు మధ్య సందు సుమారు 0.3 మిల్లీమీటరు, అనగా ఒక విజిటింగు కార్డు మందం.

సైలెన్సరులోని నిప్పురవ్వల జాలీ మసితో మూసుకుపోయినా ఇంజను ఊపిరాడక ఆగుతుంది. సైలెన్సరును విప్పినప్పుడే ఆ రంధ్రం గుండా పిస్టనును కూడా చూడవలెను. పిస్టను మీద నిలువు గీతలు లోతుగా పడి ఉంటే, ఆ యంత్రం ఇదివరకే ఆయిలు లేక గాని, పెట్రోలు చాలక గాని పట్టివేసినదని తెలుస్తుంది. పాత రంపం కొనేవారు బేరం ఆడే ముందే ఈ పరీక్ష చేయుట మంచిది. గేజి ఉంటే ప్లగ్గు స్థానంలో బిగించి తాడును ఐదారుసార్లు లాగవలెను. 120 పీయెస్సై లేక అంతకు మించి వస్తే మేలు, 100కు తక్కువైతే ఆ ఇంజను ఐడ్లింగులో నిలుచుట కష్టం. గేజి లేనివారు స్టార్టరు తాడు పట్టుకుని రంపాన్ని పైకెత్తి చూస్తారు. మంచి ఇంజను తన బరువుతో మెట్లు దిగినట్లు ఆగి ఆగి కిందికి దిగుతుంది. అరిగినది ఒక్కసారిగా జారుతుంది.

పైవన్నీ సరిగా ఉండి కూడా ఇంజను ఆగుతూ ఉంటే, లేదా వేగం దానంతట అది పెరుగుతూ ఉంటే, కార్బురేటరుకు సిలిండరుకు మధ్య గల రబ్బరు గొట్టంలో పగులు గాని, క్రాంకు సీళ్ళలో లీకు గాని ఉండవచ్చు. రెండు రంధ్రాలను రబ్బరుతో మూసి, చేతి పంపుతో సుమారు 0.5 బారు ఒత్తిడి పెట్టి, సబ్బు నీరు పూస్తే బుడగలు లీకు చోటును చూపుతాయి.

కార్బురేటరు అమరిక

స్క్రూలు సాధారణంగా మూడు. ఎల్ తక్కువ వేగపు మిశ్రమాన్ని, హెచ్ ఎక్కువ వేగపు మిశ్రమాన్ని, మూడవది ఐడ్లింగు వేగాన్ని నిర్ణయిస్తాయి. ఎల్, హెచ్ రెండింటినీ మెల్లగా మూసి, ఒక్కొక్క చుట్టు తెరచి మొదలుపెట్టుట వాడుక. సరియైన అంకె యంత్రపు పుస్తకంలో ఉంటుంది. ఇంజను వేడెక్కాక ఎల్‌ను ఇంజను చురుకుగా అందుకునేలా సరిచేసి, తరువాత ఐడ్లింగు, చివరగా హెచ్ చూడవలెను. బరువు లేకుండా పూర్తి వేగంలో ఉన్నప్పుడు ధ్వనిలో కొద్దిగా గరగర ఉండి, కట్టెలో దిగగానే అది పోవలెను. సన్నగా కీచుమని పలికే ఇంజను బలంగా ఉన్నట్లు తోచినా, నిజానికి అది పెట్రోలు, దానితో పాటు ఆయిలు చాలక కాలిపోతున్న ఇంజను.

ఆగిపోయే రంపానికి చాలాచోట్ల చేసే వైద్యం ఐడ్లింగు స్క్రూను బిగించి వేగాన్ని పెంచుట. ఇది లోపాన్ని కప్పిపుచ్చుట మాత్రమే కాక ప్రమాదకరం. వేగం హద్దు దాటితే సెంట్రిఫ్యూగల్ క్లచ్ పట్టుకొని, యాక్సిలరేటరు వదిలినా గొలుసు తిరుగుతూనే ఉంటుంది. కొమ్మ మీద నిలబడి ఒక చేత్తో పట్టు మార్చుకొనే పనివాని తొడకు, మోకాలికి తగిలేది ఆ గొలుసే. లుంగీ, చెప్పులతో పనిచేయుట మన ప్రాంతంలో మామూలు కావడం వలన ఈ మాట నొక్కి చెప్పవలసి వస్తున్నది. ఐడ్లింగులో గొలుసు కదలరాదు. కదిలే రంపంతో పని చేయరాదు.

ఇథనాలు ప్రభావం

పాత రంపాలు ఇటీవల ఎక్కువగా మొరాయించుటకు పెట్రోలులోని ఇథనాలు ఒక కారణం. భారతదేశంలో పెట్రోలులో ఇథనాలు సగటున 10 శాతానికి 2022లో చేరింది. 20 శాతం ఇథనాలు గల పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. ప్రముఖ రంపం తయారీదారులు 10 శాతానికి మించరాదని చెబుతారు. ఇథనాలులో ఆమ్లజని ఉండుట వలన పాత అమరికలో మిశ్రమం పలుచనవుతుంది. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రములు ఉబ్బి తరువాత గట్టిపడతాయి. ఇథనాలు గాలిలోని తేమను కూడా పీలుస్తుంది. నీరు హద్దు మీరితే ఇథనాలు, నీరు కలిసి అడుగున వేరు పొరగా చేరతాయి. టూటీ ఆయిలు మాత్రం పైనున్న పెట్రోలులోనే ఉండిపోతుంది. ఫిల్టరు ఉండేది అడుగున కాబట్టి ఇంజనుకు కందెన లేని ద్రవం అందుతుంది. మిశ్రమాన్ని గాజు సీసాలో పోసి కొంతసేపు కదపకుండా ఉంచితే ఈ పొర కంటికి కనబడుతుంది.

హైదరాబాదు ప్రాంతంలో వాడుక

హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల ఈదురుగాలులకు తురాయి, పచ్చతురాయి, నిద్రగన్నేరు వంటి రోడ్డు పక్క చెట్లు విరిగిపడుట ఏటా జరిగేదే. వాటిని తొలగించే ప్రభుత్వ బృందాలతో పాటు కూలికి చెట్లు కొట్టే పనివారు కూడా గొలుసు రంపాలను వాడుతారు. కొత్త యంత్రం కొనలేనివారు వాడిన రంపంతో పని మొదలుపెడతారు. అది మధ్యలో ఆగితే ఆ రోజు కూలి పోయినట్లే. సికింద్రాబాదులోని రాణీగంజ్ యంత్ర పరికరాలు, విడిభాగాల దుకాణాలకు పేరు పొందింది. నగరానికి తూర్పున చర్లపల్లి, నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలలో చిన్న ఇంజనీరింగు పరిశ్రమలు కలవు. రంపపు విడిభాగాలలో డయాఫ్రములు, గొట్టాలు, ఫిల్టరు, ప్లగ్గు చవకైనవి. సిలిండరు, పిస్టను మార్చవలసి వస్తే పాత యంత్రం ధర కంటే మరమ్మత్తు ఖర్చే మించవచ్చు.

రంపం చేతిలో ఉన్నంత మాత్రాన చెట్టు కొట్టే హక్కు రాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) ప్రకారం చెట్టు నరుకుటకు ముందుగా అనుమతి పొందవలెను. ఈ చట్టం 2014 తరువాత తెలంగాణలోనూ కొనసాగింది.

నిల్వ

నెల రోజులకు మించి రంపాన్ని వాడనప్పుడు, ముఖ్యంగా వానాకాలంలో, ట్యాంకును ఖాళీ చేసి, ఇంజనును స్టార్టు చేసి దానంతట అది ఆగే వరకు నడపవలెను. కార్బురేటరులో మిగిలిన పెట్రోలు ఆవిరై జిగట పొరగా మారుట దీనితో చాలావరకు తగ్గుతుంది. మిశ్రమాన్ని నెలకు సరిపడా మాత్రమే కలిపి, మూత బిగుతుగా ఉన్న లోహపు డబ్బాలో నీడన ఉంచవలెను. పెట్రోలు పోసేటప్పుడు ఇంజను చల్లారి ఉండవలెను. పోసిన చోటికి కనీసం మూడు మీటర్ల దూరం జరిగి స్టార్టు చేయవలెను.