నాలుక మీద ఎద్దు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారని తప్పించుకోబోయాను. "అయితే మీరు చెప్పిన పాఠాల్లోంచే ఒకటి రాయండి" అన్నారు. ఆ చేత్తోనే మా బ్యాచ్ వాళ్ళ పేర్లూ చిరునామాలూ సేకరించే పని కూడా అప్పగించారు. ఈ రెండు పనులకూ ఏ సంబంధమూ లేదనుకున్నాను. ఉందని తర్వాత తెలిసింది.

నేను ముప్పై ఏళ్ళకు పైగా వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పాను. మొదటి సంవత్సరం పిల్లలు ఎముకల పేర్లు, కండరాల పేర్లు నోరు తిరగక అవస్థ పడుతుంటే, "ఇవి మంత్రాలు కావు, గ్రీకు దేశపు ఊళ్ళల్లో తిరిగిన జంతువుల పేర్లు" అని చెప్పేవాణ్ణి. వెన్నెముక చిట్టచివర ఉండే తోక ఎముకను కాక్సిక్స్ అంటాం. గ్రీకు భాషలో కొక్కుక్స్ అంటే కోకిల జాతి పక్షి. ఆ ఎముక దాని ముక్కులా వంగి ఉంటుందని ఆ పేరు. భుజం దగ్గర కొరకాయిడ్ అనే కొక్కెం లాంటి ఎముక ఉంది. అది కొరాక్స్, అంటే బొంత కాకి ముక్కు. లోపలి చెవిలో మెలికలు తిరిగిన కాక్లియా నత్త గుల్ల. చెవి రంధ్రం ముందు చిన్న గడ్డలా ఉండే భాగం ట్రాగస్. ట్రాగోస్ అంటే మేకపోతు. వయసు మీద పడ్డ మగవాళ్ళకు అక్కడ మేక గడ్డంలా వెంట్రుకలు మొలుస్తాయి. నమ్మకపోతే స్వర్ణోత్సవ సభలో మా బ్యాచ్ వాళ్ళ చెవులు చూడండి.

గ్రీకులో ఎలుకనూ కండరాన్నీ మూస్ అనే ఒకే మాటతో పిలిచేవారు. చెయ్యి మడిచి బిగిస్తే చర్మం కింద కండ కదలడం దుప్పటి కింద ఎలుక పరుగెత్తినట్టు ఉంటుంది కదా. లాటిన్ వాళ్ళు కూడా కండరాన్ని చిట్టెలుక అనే అర్థంలో ముస్కులుస్ అన్నారు. మజిల్ అనే ఇంగ్లీషు మాట అందులోంచే వచ్చింది. మన మూషికం కూడా ఆ మూలం నుంచి పుట్టిన మాటే. గ్రీకు, లాటిన్, సంస్కృతం ఒకే భాషా కుటుంబానికి చెందినవి. గుండెపోటును డాక్టరు మయోకార్డియల్ అనే మాటతో మొదలుపెట్టి చెప్పినప్పుడు, అందులోని మయో వినాయకుడి వాహనానికి చుట్టమే.

కార్కినోస్ అంటే పీత. హిపోక్రటీస్ పేరున ఉన్న వైద్య గ్రంథాలలో, అంటే సుమారు 2400 ఏళ్ళ కిందటే, ఒక రకం కంతులను ఈ మాటతో పిలిచారు. కంతి చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు పీత కాళ్ళలా కనిపిస్తాయని క్రీ.శ. 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ వివరించాడు. లాటిన్ వాళ్ళు దాన్ని తమ భాషలో పీతకు ఉన్న మాటతో కాన్సర్ అని అనువదించారు. ఈ రోజుకీ ఆసుపత్రిలో ఆ మాట వినగానే మనిషి ఒళ్ళు చల్లబడుతుంది. అనడానికి పీత పేరే, కానీ ఒకసారి అతుక్కుంటే వదలని పేరు.

గ్రీకు జంతువులు మన పంచాంగానికి కూడా దగ్గరివే. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో రాశులకు మనకు తెలిసిన పేర్లే కాక క్రియ, తావురి, లేయ వంటి పేర్లు కూడా చెప్పాడు. ఇవి గ్రీకు నుంచి వచ్చినవి. క్రియోస్ అంటే పొట్టేలు, టౌరోస్ అంటే ఎద్దు, లియోన్ అంటే సింహం. మేషం, వృషభం, సింహం అన్నమాట.

సేద్యమూ పనిముట్లూ కూడా ఇంతే. కోట తలుపులు పగలగొట్టే దూలాన్ని గ్రీకులు క్రియోస్, పొట్టేలు అన్నారు. తల వంచి కుమ్ముతుంది కనుక. బరువులు ఎత్తే యంత్రం గెరనోస్. అంటే బెగ్గురు కొంగ. పొడుగాటి మెడ వంచి పైకెత్తుతుంది కనుక. ఇంగ్లీషులో కూడా క్రేన్ అంటే ఆ పక్షీ, ఆ యంత్రమూ. తిరగలి పై రాయికీ, తాడు చుట్టే గిలకకూ ఓనోస్ అనే పేరుండేది. ఓనోస్ అంటే గాడిద. బరువు చాకిరీ ఎవరిదో పేరు కూడా వాళ్ళదే. ఆ గాడిదను తిట్టడం మాత్రం మానలేదు. సంగీతం తెలియని వాణ్ణి లైర్ వాద్యం వింటున్న గాడిద అనేవారు. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అని మనం అన్నట్టే.

పల్లెటూరి వాణ్ణి కనుక నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట బూస్ట్రోఫెడాన్. ఎద్దు మళ్ళినట్టు అని అర్థం. తొలినాళ్ళ గ్రీకు శాసనాలు కొన్నింటిలో ఒక పంక్తి ఎడమ నుంచి కుడికీ, తర్వాతి పంక్తి కుడి నుంచి ఎడమకీ నడుస్తాయి. నాగలి చాలు చివరికి వచ్చాక ఎద్దులు వెనక్కి మళ్ళి పక్క చాలు పట్టినట్టు. క్రీట్ ద్వీపంలోని గార్టిన్ ఊళ్ళో గోడ మీద చెక్కిన క్రీ.పూ. 5వ శతాబ్దపు చట్టం ఇలాగే ఉంది. రాత నేర్చినవాడు తన రాతకు పేరు పెట్టడానికి పొలం వైపు చూశాడు.

ఇంతవరకూ సరదాగానే ఉంది. మనుషులకు పెట్టిన జంతువుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది.

హోమర్ ఇలియడ్‌లో కుక్క అనేది పెద్ద తిట్టు. సిగ్గులేనితనానికి అది గుర్తు. అకిలీస్ తన రాజు అగమెమ్నాన్‌ను అందరి ముందూ కుక్క కళ్ళవాడని, లేడి గుండెవాడని తిడతాడు. హెలెన్ అయితే తనను తానే కుక్కనని నిందించుకుంటుంది. అదే కవి పేరున ఉన్న ఒడిస్సీలో ఆర్గోస్ అనే కుక్క 20 ఏళ్ళ తర్వాత ఇల్లు చేరిన యజమానిని మారువేషంలో కూడా గుర్తుపట్టి, తోకాడించి ప్రాణం విడుస్తుంది. విశ్వాసానికి అదే జంతువు, బూతుకూ అదే జంతువు. ఈ విషయంలో మనమూ గ్రీకులకు తీసిపోలేదు.

ఈ తిట్టును తిరగేసినవాడు ఒకడున్నాడు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో, నల్ల సముద్రపు ఒడ్డున ఉన్న సినోపే నుంచి వచ్చిన డయోజెనీస్. ఇల్లూ వాకిలీ లేకుండా వీధుల్లో బతికే ఆయన్ను జనం కుక్క అన్నారు. ఆయన కాదనలేదు, ఆ పేరే ఉంచుకున్నాడు. ఆయన దారిలో నడిచినవాళ్ళను కూనికోయ్, అంటే కుక్క లాంటివాళ్ళు అన్నారు. సినిక్ అనే మాట అదే. కొరింత్‌లో ఆయన సమాధి మీద పాలరాతి కుక్కను నిలిపారని చెబుతారు. అయితే పేరును అలా మోయడానికి డయోజెనీస్ అంత గుండె కావాలి. అది అందరికీ ఉండదు.

గుర్రం పేరు మాత్రం హోదా. గుర్రాన్ని మేపగలిగేది ధనవంతుడే కనుక హిప్పోస్ కలిసిన పేర్లు గొప్పింటి పేర్లు. ఫిలిప్ అంటే గుర్రాలను ప్రేమించేవాడు. క్రీ.పూ. 423లో అరిస్టోఫనీస్ ప్రదర్శించిన మేఘాలు అనే హాస్య నాటకంలో ఒక మొగుడూ పెళ్ళాం కొడుకు పేరు మీద గొడవపడతారు. గొప్పింటి నుంచి వచ్చిన తల్లికి పేరులో గుర్రం ఉండాలి. పల్లెటూరి తండ్రికి పొదుపు అనే అర్థమున్న తాత పేరు కావాలి. చివరికి రెండూ కలిపి ఫీడిప్పిడీస్ అని పెడతారు. ఆ కొడుకు పెరిగి గుర్రాల పిచ్చితో తండ్రిని అప్పులపాలు చేస్తాడు.

ఆడవాళ్ళకు అంత అదృష్టం లేదు. క్రీ.పూ. 7వ శతాబ్దపు కవి సెమొనిడీస్ ఆడవాళ్ళు పది రకాలని ఒక కవిత కట్టాడు. అందులో ఎనిమిది రకాలు జంతువుల నుంచి పుట్టినవి. పంది, నక్క, కుక్క, గాడిద, ముంగిస లాంటి ఒక చిన్న జంతువు, గుర్రం, కోతి, తేనెటీగ. పదింటిలోనూ మంచిది తేనెటీగ ఒక్కటే. అంటే రోజంతా పనిచేసేది. విందుల్లో మగవాళ్ళు ఇలాంటివి విని నవ్వుకునేవారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఏమనుకున్నారో రాసిపెట్టినవారు లేరు.

నేను తరగతిలో ఎప్పుడూ చెప్పని మాట ఇంకొకటి ఉంది. గ్రీకులో పశువులను టెట్రపోడా అనేవారు. నాలుగు కాళ్ళవి అని అర్థం. ఆ మాట అచ్చులోనే ఇంకో మాట పోసుకున్నారు. ఆండ్రపోడా. మనిషి కాళ్ళవి. యుద్ధంలో పట్టుకుని అమ్మిన మనుషులకు వాళ్ళు పెట్టిన పేరది. పశువులు నాలుగు కాళ్ళ సొత్తు, వీళ్ళు మనిషి కాళ్ళ సొత్తు. క్రీ.పూ. 416లో ఏథెన్స్ సైన్యం మీలోస్ ద్వీపాన్ని గెలిచి, పట్టుబడ్డ మగవాళ్ళను చంపి, ఆడవాళ్ళనూ పిల్లలనూ బానిసలుగా అమ్మేసింది. ఆ సంగతి రాసిన చరిత్రకారుడు తుసిడిడీస్ వాడిన క్రియాపదం ఈ మాటలోంచి వచ్చిందే. తర్వాత అంత పెద్ద ఆలోచనాపరుడు అరిస్టాటిల్ కూడా బానిస వల్లా సాధు జంతువు వల్లా కలిగే ఉపయోగంలో పెద్ద తేడా లేదని రాశాడు. పేరు ముందు వచ్చి ఆలోచన తర్వాత వచ్చిందో, ఆలోచన ముందు వచ్చి పేరు తర్వాత వచ్చిందో చెప్పడం కష్టం. రెండూ ఒకదాన్ని ఒకటి మోశాయి.

ఇప్పుడు నా రెండో పనికి వస్తాను.

మా బ్యాచ్ పేర్ల జాబితా వేయడానికి నలుగురం కూర్చున్నాం. వరుసగా బెంచీలు గుర్తు చేసుకుంటూ రాస్తున్నాం. చివరి బెంచీ దగ్గరికి వచ్చాక అందరం ఒకేసారి "బర్రె" అన్నాం, నవ్వాం. తెల్లారి బర్రెల్ని తోలుకెళ్ళి, పాలు పిండి, కేంద్రంలో పోసి బడికి వచ్చేవాడు. రోజూ ఆలస్యమే. ఆ పేరు పెట్టింది మాస్టార్లు కాదు, మేమే. మాస్టార్లు వాణ్ణి అసలు పేరుతోనే పిలిచేవారు. హాజరు పిలిచినప్పుడు వాడు "ప్రెజెంట్ సార్" అంటే వెనకనుంచి ఎవరో బర్రెలా అరిచేవాళ్ళం. ఎవరో అని రాశాను. కొన్నిసార్లు నేనే. తొమ్మిదో తరగతి సగంలో వాడు రావడం మానేశాడు. ఎందుకని మేమెవరమూ అడగలేదు.

నవ్వు ఆగాక కలం పట్టుకున్నవాడు "అసలు పేరేంటి?" అన్నాడు. నలుగురిలో ఒక్కరికీ గుర్తులేదు. మెలికల గ్రీకు పేర్లు వందలు గుర్తుపెట్టుకున్న నాకూ గుర్తులేదు.

ప్రధానోపాధ్యాయులు గారు దయతో పాత ప్రవేశ రిజిస్టరు తీయించారు. పేరు దొరికింది. చక్కటి పేరు, వాళ్ళ తాతది. నాలుగు రోజులు వాకబు చేస్తే ఫోన్ నంబరు కూడా దొరికింది. ఆ పేరుతోనే పిలిచాను. అవతల కాసేపు మాట లేదు. "ఎవరండీ?" అన్నాడు. చెప్పాను. అప్పుడు నవ్వి, "బర్రెలు అమ్మేసి పదేళ్ళయిందిరా. నా పేరు నీకెలా తెలిసింది?" అన్నాడు.

ప్రాచీన గ్రీకులో ఒక జాతీయం ఉంది. చెప్పవలసింది తెలిసి కూడా చెప్పలేనివాడి నాలుక మీద ఎద్దు నిలబడి ఉందంటారు. క్రీ.పూ. 458లో ఎస్కిలస్ ప్రదర్శించిన అగమెమ్నాన్ నాటకంలో, రాజభవనం పైకప్పు మీద కాపలా కాసే బంటు ఈ మాట వాడతాడు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో వాడికి తెలుసు. చెప్పలేడు. ఫోన్ పట్టుకున్న నా నాలుక మీద ఆ ఎద్దే ఎక్కింది. చదువు ఎందుకు మానేశావని అడగాలి, మమ్మల్ని క్షమించమని చెప్పాలి. అవేవీ నోట రాలేదు. "స్వర్ణోత్సవానికి రా" అని మాత్రం అన్నాను. "తొమ్మిది పాసవని వాణ్ణి కూడా పిలుస్తారా?" అన్నాడు. పిలుస్తామన్నాను. ఈ బళ్ళో ఒక్క రోజు కూర్చున్నవాడైనా పూర్వ విద్యార్థేనని కార్యదర్శి గారు వెంటనే ఒప్పుకున్నారు.

అందుకే అప్పుడు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. మా బ్యాచ్ మిత్రులకు ఒక మనవి. ఈ సంచిక చివర మన జాబితాలో మీకు పరిచయం లేని పేరు ఒకటి కనిపిస్తుంది. ఎవరా అని ఆశ్చర్యపోకండి. ఆ పేరు నోట పలికి అలవాటు చేసుకోండి. సభ రోజున ఆయన వస్తే, అందరం ఆ పేరుతోనే పిలుద్దాం.