‘మాంబో?’ అని పలకరించిన ఫోను

హెచ్‌ఐవీ మందులు ప్రతిదినమూ, జీవితాంతం వాడవలసినవని మీకు తెలిసే ఉంటుంది. మధ్యలో మానివేస్తే వైరస్ రక్తంలో మళ్ళీ పెరుగుతుంది. మందుకు లొంగని రూపమూ దాల్చవచ్చు. మన ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న ఆరంభించింది. మందు దొరికింది సరే, రోగి దానిని విడువకుండా చూడడం ఎలా? మందులకు రాని మనిషికి ఒక కార్డు ముక్క వ్రాయాలన్నా మాకు జంకుగానే ఉండేది. ఇంట్లో దానిని ముందుగా ఎవరు చదువుతారో!

ఇదే చిక్కుకు కెన్యాలో ఒక ఉపాయం వెదకారు. 2007లో రిచర్డ్ లెస్టర్ అనే వైద్యుడి బృందం అక్కడి మూడు చికిత్సా కేంద్రాలలో పరిశోధన మొదలుపెట్టింది. కొత్తగా మందులు ప్రారంభించిన 538 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి మామూలు చికిత్స. రెండవ వర్గంవారికి ఆ చికిత్సతోపాటు వారానికొకసారి సెల్‌ఫోనుకు ఒక సందేశం వెళ్ళేది. అందులో ఉన్నది ఒకే మాట: ‘మాంబో?’ స్వాహిలీలో అది ‘ఎలా ఉన్నారు?’ అనే పలకరింపు. బాగుంటే ‘సావా’ అనీ, ఇబ్బంది ఉంటే ‘షిదా’ అనీ 48 గంటలలో బదులివ్వాలి. షిదా అన్నవారికీ, అసలు పలుకనివారికీ నర్సు స్వయంగా ఫోను చేసేది.

గమనించండి, ఆ సందేశంలో జబ్బు పేరు లేదు, మందు ఊసు లేదు. అత్తగారు చూసినా, పొరుగువారు చూసినా అది ఉత్త కుశలప్రశ్నే.

ఫలితాలు 2010లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. మందులు సక్రమంగా వాడినవారు సందేశాల వర్గంలో 62 శాతం, రెండవదానిలో 50 శాతం. వైరస్ అదుపులోకి వచ్చినవారు 57, 48 శాతం.

మన దక్షిణ భారతంలోనూ ఫోనుతో ఒక ప్రయత్నం జరిగింది. 631 మందిపై చేసిన ఆ పరిశోధన 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఇక్కడ వారానికొకసారి యంత్రమే మాట్లాడేది, తరువాత ఒక బొమ్మ సందేశం వచ్చేది. లాభమేమీ కనబడలేదు! రెండు దేశాల పరిస్థితులు వేరు, కారణాలు పలు ఉండవచ్చు. నాకు తోచేది ఇది: కెన్యా రోగికి ‘షిదా’ అంటే వినే మనిషి ఒకరున్నారు. యంత్రం గుర్తుచేయగలదు గానీ, బస్సు ఛార్జీలు లేవనో, మాత్ర మింగితే వాంతి అవుతున్నదనో చెప్పుకుంటే అదేం చేస్తుంది?

2018 సెప్టెంబరు నుండి అమలులో ఉన్న హెచ్‌ఐవీ చట్టం రోగి వివరాలను గోప్యంగా కాపాడాలని శాసిస్తున్నది. కనుక మీరో, మీవారో చికిత్సా కేంద్రంలో ఫోను నంబరు ఇచ్చేటప్పుడు, వచ్చే సందేశంలో ఏ మాటలుంటాయో, బదులిస్తే చదివేదెవరో అడిగి తెలుసుకోండి. ఆ ఫోను ఇంట్లో ఇంకెవరి చేతికైనా వెళుతుంటే ఆ సంగతి కూడా ముందే చెప్పండి.