మీరు ఏ వార్డు?

యూటాలో కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్ళని పక్కింటివాళ్ళు తొందరగానే అడిగే ప్రశ్న ఇది. మా అమ్మానాన్నలకి ముందు అర్థం కాలేదట. హైదరాబాదులో వార్డు అంటే మున్సిపాలిటీ ఎన్నికలు, లేకపోతే ఆసుపత్రిలో మంచాలు. ఇక్కడ వార్డు అంటే మోర్మన్ల స్థానిక సంఘం. వాళ్ళ చర్చి పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. ఆ పేరే వాడమని వాళ్ళ పెద్దలు 2018 నుంచి గట్టిగా అడుగుతున్నారు. నేను రాసేది ఎక్కువగా పాత కథ కాబట్టి పాత పేరే వాడుతున్నాను.

నేను మోర్మన్ని కాదు. వాళ్ళ నమ్మకాల గురించి వాదించను. నాకు కావలసింది వేరే విషయం. అమెరికాలో ఇప్పుడు అందరూ ఒంటరితనం గురించి మాట్లాడుతున్నారు. మోర్మన్ల మధ్య పెరిగిన నాకు మాత్రం ఎప్పుడూ చుట్టూ మనుషులు ఉన్న మనుషులే కనిపించారు. ఎందుకు? వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి అని చాలామంది చెప్తారు. మంచివాళ్ళు అన్నిచోట్లా ఉంటారు. నాకు అసలు కారణం పటం మీద గీసిన ఒక గీత అనిపిస్తుంది. ఆ గీత ఎలా వచ్చిందో చెప్తాను.

జోసెఫ్ స్మిత్ 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో ఈ చర్చి పెట్టాడు. తర్వాత వాళ్ళు ఒహాయో వెళ్ళారు, మిస్సోరి వెళ్ళారు. ఎక్కడికి వెళ్ళినా గుంపుగా వెళ్ళి, గుంపుగా భూమి కొని, గుంపుగా ఓటు వేసేవాళ్ళు. చుట్టుపక్కలవాళ్ళకి భయం వేసింది, కోపం వచ్చింది. 1838లో మిస్సోరి గవర్నర్ బాగ్స్, మోర్మన్లని రాష్ట్రం నుంచి తరిమెయ్యాలి లేదా నిర్మూలించాలి అని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఉత్తర్వుని అధికారికంగా రద్దు చేసింది ఎప్పుడో తెలుసా? 1976లో.

వాళ్ళు ఇల్లినాయ్‌కి పారిపోయి, మిసిసిపీ నది ఒడ్డున నావూ అనే ఊరు కట్టుకున్నారు. ఇంగ్లండ్ నుంచి కూడా కొత్తగా మతం తీసుకున్నవాళ్ళు ఓడలెక్కి వచ్చారు. చాలామంది చేతిలో ఏమీ లేనివాళ్ళు. వీళ్ళకి తిండి ఎవరు పెట్టాలి, ఎవరి ఇంట్లో జబ్బు ఉందో ఎవరికి తెలుస్తుంది? ఊరిని అప్పటికే ఎన్నికల కోసం వార్డులుగా విడదీశారు. ఆ వార్డులనే తీసుకుని, 1842లో ఒక్కొక్క దానికి ఒక బిషప్పుని పెట్టి, అక్కడి పేదవాళ్ళ బాధ్యత అప్పగించారు. అంటే మా అమ్మానాన్నలకి తెలిసిన మున్సిపాలిటీ వార్డే ఇది! పేరు అక్కడి నుంచే వచ్చింది. అదే సంవత్సరం ఆడవాళ్ళు రిలీఫ్ సొసైటీ అనే సంఘం పెట్టుకున్నారు. జోసెఫ్ స్మిత్ భార్య ఎమ్మా దానికి మొదటి అధ్యక్షురాలు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది.

1844లో జైలులో ఉన్న జోసెఫ్ స్మిత్‌ని, అతని అన్నని ఒక గుంపు కాల్చి చంపింది. 1846లో మళ్ళీ ప్రయాణం. 1847 జులై 24న బ్రిగమ్ యంగ్ సాల్ట్ లేక్ లోయకి చేరాడు. జులై 24 ఇప్పటికీ యూటాలో సెలవు రోజు. బాణాసంచా కూడా కాలుస్తారు. అయితే ఆ లోయ ఎవరూ లేని చోటు కాదు. యూట్, షోషోనీ ప్రజలు తిరిగే నేల అది. జులై 24 ఊరేగింపుల్లో ఆ మాట తక్కువగా వినిపిస్తుంది.

1849లో సాల్ట్ లేక్ సిటీని 19 వార్డులు చేశారు. ప్రతి వార్డుకీ బిషప్పు. ఇక్కడ ఊళ్ళు కట్టిన పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు చాలా నచ్చిన విషయం ఇదే. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం ఒక కుటుంబానికి 160 ఎకరాల దాకా భూమి ఇచ్చేవారు, కాని ఆ భూమిలోనే ఇల్లు కట్టుకుని ఉండాలి. అందుకే కాన్సాస్, నెబ్రాస్కాలో ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య అంత దూరం. మోర్మన్లు ఇళ్ళన్నీ ఒకచోట కట్టుకుని, పొలాలు ఊరి బయట పెట్టుకున్నారు. పొద్దున పొలానికి వెళ్ళి సాయంత్రం ఊళ్ళోకి వచ్చేవాళ్ళు. తెలుగు చదువరులకి ఇందులో వింత ఏమీ లేదు, మన ఊళ్ళన్నీ అంతే కదా. అమెరికాలో మాత్రం ఇది వింత.

ఇంకొకటి నీళ్ళు. యూటాలో వాన తక్కువ. కొండల నుంచి వచ్చే వాగుకి కాలువ తవ్వాలి, అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కాలువ అందరూ తవ్వేవాళ్ళు, నీళ్ళు వంతుల ప్రకారం పెట్టుకునేవాళ్ళు. వంతులు చూడడానికి ఒక మనిషి ఉండేవాడు. ఈ పేరా ఫోన్లో చదివి వినిపిస్తే, "మా ఊళ్ళో చెరువు దగ్గర నీరటి ఉండేవాడు, అదే పని" అన్నారు నాన్న. నీళ్ళ వంతు ఉన్నచోట పక్కవాడితో మాట్లాడకుండా బతకడం కుదరదు. మాట్లాడతారు, పోట్లాడతారు, మళ్ళీ మాట్లాడతారు.

ఇప్పుడు కాలువలతో పని తగ్గింది, గీతలు మిగిలాయి. మోర్మన్ తనకి నచ్చిన చర్చికి వెళ్ళడు. ఇల్లు ఏ గీత లోపల ఉంటే అదే వార్డు. డాక్టరు, ప్లంబరు, విడాకులు తీసుకున్న ఆవిడ, అందరితో గొడవపడే ముసలాయన, అందరూ ఒకే గదిలో కూర్చోవాలి. బిషప్పుకి జీతం లేదు. ఆయన పగలు పళ్ళ డాక్టరో టీచరో అయి ఉంటాడు, ఐదేళ్ళో ఎంతో చేసి దిగిపోతాడు. మిగతావాళ్ళకీ ఒక్కొక్క పని ఇస్తారు. దాన్ని పిలుపు అంటారు. పిల్లలకి పాఠం చెప్పడం, పియానో వాయించడం, కుర్చీలు మడవడం. ఒక వారం రాకపోతే ఎవరో ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ ప్రేమతోనే కావచ్చు, కాని ఆ ఆదివారం పియానో వాయించడానికి మనిషి కూడా కావాలి. నన్ను అడిగితే మనిషిని నిలబెట్టేది ఆ రెండోదే. ప్రేమించేవాళ్ళు ఉండి కూడా ఒంటరిగా ఉండవచ్చు. మనం లేకపోతే పని ఆగిపోయే చోట ఒంటరిగా ఉండడం కష్టం.

నాన్న ఆసుపత్రిలో ఉన్న వారం మా ఇంటికి కూడా వార్డువాళ్ళు వంటలు తెచ్చారు. చీజ్ వేసిన బంగాళాదుంపలు, ఇంకా ఆకుపచ్చ జెల్లో. జెల్లో యూటా అధికారిక చిరుతిండి, 2001లో శాసనసభ తీర్మానం చేసింది, నిజంగా! అందులో జంతువుల ఎముకల నుంచి తీసేది ఉంటుందని అమ్మ తినలేదు. గిన్నె కడిగి, అందులో పులిహోర పెట్టి తిరిగి ఇచ్చింది.

ఈ పద్ధతి పెద్ద పరీక్ష ఎదుర్కొన్నది 1930ల మాంద్యంలో. సాల్ట్ లేక్ సిటీలో హెరాల్డ్ లీ అనే అతను ఒక స్టేక్‌కి పెద్ద. స్టేక్ అంటే కొన్ని వార్డుల గుంపు, ఆ మాటకి అసలు అర్థం గుడారం మేకు. ఉద్యోగం పోయినవాళ్ళని రైతుల దగ్గరికి పంపి, పంట కోయించి, కూలికి బదులు పంటలో వాటా తీసుకుని గోదాములో పెట్టాడు. కావలసినవాళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు, వీలైతే అక్కడే పని చేసేవాళ్ళు. 1936లో చర్చి మొత్తం ఈ పద్ధతి మొదలుపెట్టింది. ఇప్పటికీ నెలకి ఒక ఆదివారం రెండు పూటలు ఉపవాసం ఉండి, ఆ తిండి డబ్బు పేదవాళ్ళకి ఇస్తారు.

దీనివల్ల లాభం ఉందా? 2014లో రాజ్ చెట్టి బృందం ఒక పరిశోధన ప్రచురించింది. ఆదాయంలో అట్టడుగు ఐదోవంతు కుటుంబంలో పుట్టిన పిల్లలు పై ఐదోవంతుకి చేరే అవకాశం సాల్ట్ లేక్ సిటీలో 10.8 శాతం, షార్లెట్‌లో 4.4 శాతం. ఇదంతా వార్డుల వల్లే అని ఆ పరిశోధన చెప్పలేదు. మనుషుల మధ్య సంబంధాలు గట్టిగా ఉన్న ఊళ్ళలో పిల్లలు ఎక్కువగా పైకి వస్తున్నారని మాత్రం చెప్పింది.

కాని గీత అంటే దానికి బయట కూడా ఉంటుంది. 1857 సెప్టెంబరులో దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ దగ్గర, కాలిఫోర్నియాకి వెళ్తున్న సుమారు 120 మందిని అక్కడి మోర్మన్ సైనిక దళంవాళ్ళు చంపేశారు. కొందరు పయూట్ మనుషులని కూడా అందులోకి దింపారు. చిన్నపిల్లలు 17 మందిని మాత్రం వదిలేశారు. చంపినవాళ్ళు రాక్షసులు కాదు. కాలువలు తవ్విన రైతులే, ఒకరి మాట ఒకరు కాదనలేని మనుషులు. నేను చదివిన మోర్మన్ చరిత్రలో నన్ను ఎక్కువ రోజులు వదలని విషయం ఇది.

గీత లోపల ఉన్నా అందరూ ఒకటి కాదు. నల్లజాతి మగవాళ్ళకి యాజకత్వం 1978 దాకా ఇవ్వలేదు. ఆడవాళ్ళకి ఇప్పటికీ లేదు. 2015లో, ఒకే లింగం దంపతుల దగ్గర పెరిగే పిల్లలకి బాప్తిస్మం ఇవ్వకూడదని నియమం పెట్టారు, 2019లో తీసేశారు. ఆ మూడున్నరేళ్ళలో చర్చి వదిలేసినవాళ్ళు కొందరు నాకు తెలుసు. వాళ్ళు పోగొట్టుకున్నది ఆదివారం ప్రార్థన ఒక్కటే కాదు. స్నేహితులు, సంగీతం, పిల్లల ఆటలు, అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. ఇల్లు మారలేదు, వీధి మారలేదు. పిలుపు లేదు, ఫోన్ రాదు. వచ్చినా తిరిగి రమ్మనడానికే.

వెలి అనే మాట ఈ వ్యాసం రాస్తున్నప్పుడే నేర్చుకున్నాను. అది ఇక్కడ సరిపోతుందా అని అమ్మని అడిగాను. "వెలి అంటే ఊరంతా కూర్చుని చెప్పి వేస్తారు. ఇక్కడ ఎవరూ ఏమీ చెప్పలేదు కదా" అంది. కొంచెం ఆగి, "చెప్పకుండా వేస్తే దానికి మాట లేదు" అంది.

హైదరాబాదులో కూడా 2012లో ఒక స్టేక్ ఏర్పడింది, భారతదేశంలో అదే మొదటిది. అంటే అక్కడ కూడా వార్డులు ఉన్నాయి, వీధుల మధ్య గీతలు ఉన్నాయి. ఈసారి వెళ్ళినప్పుడు మా పిన్ని వాళ్ళ వీధి ఏ వార్డులోకి వస్తుందో కనుక్కోవాలి.